ఉమ్మడి భవనం: గీత గీసే ముందు తేలాల్సిన లెక్కలు

ఆర్కిటెక్చర్ విద్యార్థుల చివరి ప్రాజెక్టులను పరీక్షించే థీసిస్ జ్యూరీల్లో కమ్యూనిటీ సెంటర్, అంటే నలుగురూ వాడుకునే ఉమ్మడి భవనం, తరచూ కనిపించే ప్రాజెక్టు. షీట్ల మీద దాని రూపం కూడా దాదాపు ఒకటే. మధ్యలో గుండ్రటి ప్రాంగణం, చుట్టూ వంపు తిరిగిన పెద్ద కప్పు, ఒక మూల గ్రంథాలయం, మరో మూల శిక్షణ గది, అన్నిటికన్నా పెద్ద గది మీద ‘బహుళ ప్రయోజన హాలు’ అన్న పేరు. రెండర్‌లో (కంప్యూటర్‌లో తీర్చిన భవనం బొమ్మలో) పిల్లలు పరుగెడుతుంటారు, పెద్దలు చెట్టు నీడన కూర్చుని ఉంటారు. ఆ షీటు ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న చాలా చిన్నది. మంగళవారం పొద్దున పదకొండింటికి ఈ హాల్లో ఎవరుంటారు? దాని తాళం ఎవరి దగ్గరుంటుంది? జవాబు లేని ప్రాజెక్టులే ఎక్కువ.

ఇల్లయితే వాడేవాళ్లెవరో ముందే తెలుసు. ఆఫీసుకు వేళలుంటాయి. ఉమ్మడి భవనానికి ఈ రెండూ ఖాయంగా ఉండవు. ఒకరినొకరు ఎరగని నాలుగైదు బృందాలు ఒకే గదిని వంతులవారీగా వాడుకుంటాయి. కాబట్టి ఇక్కడ డిజైన్ పనిలో పెద్ద భాగం వంతులు కుదర్చడమే. ఎవరు ఎప్పుడు వస్తారు, ఏం తెచ్చుకుంటారు, ఎంత చప్పుడు చేస్తారు, వెళ్తూ ఏ తలుపు వేస్తారు అన్నవి తేలితే ప్లాన్ సగం తయారైనట్టే. ఇవి తేలకుండా పుట్టిన ఆకారం ఎంత అందంగా ఉన్నా, ప్రారంభోత్సవం అయిన కొన్నాళ్లకే తాళం పడి ఉంటుంది.

వారం పట్టిక

ఏ గది దేని పక్కన ఉండాలో గుండ్రాలతో చూపే బబుల్ డయాగ్రామ్ కన్నా ముందు గీయాల్సింది వారం పట్టిక. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గంటకో గడి, రోజుకు 16 గడులు, వారానికి 112. ప్రోగ్రామ్‌లో, అంటే కావాల్సిన గదుల జాబితాలో, రాసుకున్న ప్రతి గదికీ ఇలాంటి పట్టిక ఒకటి వేయాలి. ఒక్కో గడిలో ఐదు సంగతులు నింపాలి: ఎంతమంది, ఏం పని, ఎంత చప్పుడు, ఏ సామాను, తలుపు తీసేదెవరు.

నింపుతుంటే విషయాలు వాటంతటవే బయటపడతాయి. ‘వ్యాయామ గది’, ‘సమావేశ గది’, ‘శిక్షణ గది’ అని మూడు రాసుకుంటే, మొదటిది పొద్దున ఎనిమిదింటికి ఖాళీ అవుతుంది, మూడోది పది నుంచి నాలుగింటి దాకా నడుస్తుంది, రెండోది సాయంత్రం ఆరు తర్వాతే మొదలవుతుంది. మూడూ ఒక్క గదిలో సరిపోతాయి. కావాల్సిందల్లా మూడు బృందాల సామానుకూ విడివిడిగా తాళం పడే అలమరలు. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంటుంది. చదువుకునే పిల్లలూ, నాట్యం నేర్చుకునే పిల్లలూ సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్యే వస్తారు. వాళ్లకు రెండు గదులు తప్పవు, ఆ గదుల మధ్య గోడ ఉమ్మడిగా ఉండకూడదు. గడుల్లో మూడోవంతు కూడా నిండని గది ప్రోగ్రామ్‌లో ఎందుకుందో మళ్లీ ఆలోచించాలి. చాలాసార్లు ఆ గదిని కొట్టేస్తేనే భవనం బాగుపడుతుంది.

పట్టిక నింపడానికి జనంతో మాట్లాడాలి. ‘మీకేం కావాలి?’ అని అడిగితే, ఎక్కడో చూసిన భవనంలో ఉన్నవన్నీ చెబుతారు. ‘నిన్న సాయంత్రం ఎక్కడ కూర్చున్నారు? పోయినసారి సమావేశం ఎక్కడ జరిగింది? అక్కడ ఏం ఇబ్బందైంది?’ అని అడిగితే జరిగిన సంగతి చెబుతారు. డిజైన్‌కు పనికొచ్చేది ఈ రెండో రకం జవాబే. వేళ కూడా ముఖ్యం. పగలు పదింటికి పెట్టిన సమావేశానికి పనికి పోయేవాళ్లు రారు, రాత్రి ఎనిమిదింటికి పెడితే పసిపిల్లల తల్లులు రారు. కనీసం మూడు వేర్వేరు వేళల్లో మాట్లాడాలి, ప్రతిసారీ ఎవరు రాలేదో రాసుకోవాలి. రానివాళ్ల జాబితా చూస్తే, ఆ భవనం ఎవరికి అందకుండా పోయే ప్రమాదం ఉందో తెలుస్తుంది.

పౌరుల భాగస్వామ్యం పేరుతో జరిగేదాన్ని షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ఎనిమిది మెట్ల నిచ్చెనగా విడగొట్టి చూపింది. అడుగు మెట్టు మీద జనాన్ని మభ్యపెట్టడం ఉంటుంది, పైమెట్టు మీద నిర్ణయం పూర్తిగా వాళ్ల చేతిలో ఉంటుంది. గీసేసిన ప్లాన్‌ను గోడకు అంటించి అభిప్రాయాలు అడగడం ఈ నిచ్చెన మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. పైకి వెళ్లాలంటే జనం చేతులు పెట్టి మార్చగలిగినదేదో వాళ్ల ముందుండాలి. ప్లాన్ చదవడం అలవాటు లేనివాళ్లకు 1:50 (అసలు కొలతలో యాభయ్యో వంతు) అట్టముక్కల మోడల్ అర్థమవుతుంది, గోడలు కదిపేలా ఉంటే ఇంకా మంచిది. అన్నిటికన్నా బాగా పనిచేసేది సైట్ మీదే సున్నంతో గదిని అసలు కొలతల్లో గీసి చూపడం. గీతల లోపల పది కుర్చీలు వేసి కూర్చోబెడితే గది చిన్నదో పెద్దదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. తలుపు ఎటు ఉండాలో వాళ్లే చెబుతారు.

గీసే ముందు ఉన్నదాన్ని చూసి, జనంతో మాట్లాడటం ఎంత పని చేస్తుందో చెప్పే గొప్ప ఉదాహరణలు రెండున్నాయి. బ్రెజిల్‌లోని సావ్ పావ్లోలో పాత డ్రమ్ముల కర్మాగారాన్ని సాంస్కృతిక కేంద్రంగా మార్చే పని 1977లో ఆర్కిటెక్ట్ లీనా బో బార్డీకి వచ్చింది. సెలవు రోజున వెళ్లి చూస్తే ఆ పాడుబడ్డ షెడ్లలో పిల్లలు ఆడుకుంటున్నారు, కుటుంబాలు పొద్దుపుచ్చుతున్నాయి. ఆమె షెడ్లను కూల్చలేదు. వాటిని అలాగే ఉంచి, జరుగుతున్నదానికి నీళ్లు, నీడ, కూర్చునే చోటు సమకూర్చింది. అదే ఎస్‌ఈఎస్‌సీ పోంపేయా (ఎస్‌ఈఎస్‌సీ దాన్ని నడిపే సంస్థ పేరు), 1982లో తెరుచుకుంది. రెండో ఉదాహరణ ఇంకా తీవ్రమైనది. 1996లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం లియోన్ ఓకోక్ అనే చిన్న కూడలిని అందంగా మార్చమని లకాతోన్, వసాల్ అనే ఆర్కిటెక్ట్ జంటను అడిగింది. వాళ్లు అక్కడి జనంతో మాట్లాడి, కూడలి బాగానే ఉందని తేల్చారు. కొత్త గరప వేయడం, తరచూ ఊడ్చడం, చెట్ల సంరక్షణ వంటి పనులు మాత్రమే సూచించారు. ఏమీ కట్టనక్కర్లేదన్నది కూడా డిజైన్ నిర్ణయమే. థీసిస్‌లో ఆ మాట అనగలిగే ధైర్యం, దానికి తగ్గ సర్వే ఉంటే మార్కులు తగ్గించే జ్యూరీని కాదు, మెచ్చుకునే జ్యూరీనే ఎదురుచూడవచ్చు.

వంద చదరపు మీటర్ల హాలులో ఎంతమంది?

ఈ లెక్కలో రెండు అంకెలు కలగలిసిపోతుంటాయి. అగ్నిప్రమాద నిబంధనల కోసం లెక్కకట్టేటప్పుడు విడి కుర్చీల హాలుకు మనిషికి సుమారు 0.65 చ.మీ. తీసుకుంటారు. అంటే 10 × 10 మీటర్ల హాలుకు 150 మందికి పైగా. తలుపుల సంఖ్య, వెడల్పు దీన్ని బట్టే తేలాలి. 50 మంది దాటే హాలుకు ఎదురెదురుగానో, దూరదూరంగానో రెండు దారులు కావాలన్నది చాలా దేశాల నిబంధనల్లో ఉన్నదే, ఆ తలుపులు బయటికే తెరుచుకోవాలి. కానీ నిజంగా కుర్చీలు వేసి, మధ్యలో నడవడానికి దారి వదిలి, ముందు మాట్లాడేవాళ్లకు చోటిస్తే మనిషికి 0.9 చ.మీ. పడుతుంది. అప్పుడు 110 మందే పడతారు. బల్లలు వేస్తే 1.4 నుంచి 1.5 చ.మీ., అంటే 70 మంది. చేతులు చాపి చేసే వ్యాయామానికి 3 నుంచి 4 చ.మీ., అంటే 25 నుంచి 30 మంది. ‘హాలు సామర్థ్యం 200’ అని ఒక్క అంకె రాసేస్తే, వాడకం గురించి ఆలోచించలేదని అందులోనే తెలిసిపోతుంది.

ఇంతకన్నా పెద్ద లోటు స్టోర్‌ది. వ్యాయామ బృందం రాగానే ఆ 110 కుర్చీలు ఎక్కడికో పోవాలి. పదేసి దొంతర్లుగా పేరిస్తే 11 దొంతర్లు, ఒక్కోదానికి సుమారు 0.35 చ.మీ., మొత్తం 4 చ.మీ. మడత బల్లలు డజను ఒక ట్రాలీ మీద, 1.5 చ.మీ. చాపలు, మైకు సామాను, నిచ్చెన, చీపుర్లు బకెట్లకు మరో 2 చ.మీ. వీటి మధ్య మనిషి తిరిగి సామాను లాగడానికి ఇంచుమించు అంతే ఖాళీ. మొత్తం 15 చ.మీ., అంటే హాలులో ఆరో ఏడో వంతు. తలుపు జంటరెక్కలది, కనీసం 1.5 మీ. వెడల్పు, హాలులోకే నేరుగా, గడప లేకుండా ఉండాలి. స్టోర్ కారిడార్ చివర ఉంటే కుర్చీలు వెనక్కి వెళ్లవు. హాలు గోడ పొడుగునా పేరుకుంటాయి, పది మీటర్ల హాలు తొమ్మిదిన్నర అవుతుంది, అత్యవసర తలుపుకు అడ్డం కూడా ఆ కుర్చీలే పడతాయి.

గదుల విస్తీర్ణాలు కూడి అదే భవనం విస్తీర్ణం అనుకోవడం మరో పొరపాటు. గోడలు, కారిడార్లు, మెట్లు, పైపులు వెళ్లే డక్టులు కలిస్తే గదుల మొత్తం గ్రాస్ ఏరియాలో (కట్టిన మొత్తం విస్తీర్ణంలో) 70 నుంచి 75 శాతమే ఉంటుంది. 400 చ.మీ. గదులకు 550 చ.మీ. దాకా కట్టాలి. ఈ తేడా మొదట్లో గుర్తించకపోతే, చివరి వారంలో కారిడార్లు సన్నబడతాయి, మరుగుదొడ్లు మెట్ల కిందికి పోతాయి.

హాలు పైన ఇంకో అంతస్తు పెట్టే ముందు దూలం లెక్క చూసుకోవాలి. పది మీటర్లు మధ్యలో స్తంభం లేకుండా దాటాలంటే కాంక్రీట్ దూలం లోతు 70 నుంచి 85 సెం.మీ. ఉంటుంది. పైగదుల బరువు మోస్తే ఇంకా పెరుగుతుంది. హాలును విడిగా, ఒకే అంతస్తుగా, తేలికపాటి కప్పుతో ఉంచడం దాదాపు ఎప్పుడూ చవకైన దారి. హాలునే మేడ మీద పెడితే, 150 మంది ఒకేసారి దిగే మెట్లు రెండు వైపులా కావాల్సి వస్తుంది.

తాళాల ప్లాన్

ప్లాన్ ప్రింటు తీసుకుని, రాత్రి పదింటికి వేసే ప్రతి తాళాన్నీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టాలి. ఆ తర్వాత ఒక్కో సందర్భం నడిపి చూడాలి. హాలుకు తాళం, చదువు గది తెరిచి ఉంది: పిల్లలు మరుగుదొడ్డికి ఎటు వెళ్తారు? హాలులో రాత్రి సమావేశం, మిగతా భవనం మూత: వచ్చినవాళ్లకు తాగునీళ్లెక్కడ? భవనమంతా మూత: వరండాలో ఎవరైనా ఆగవచ్చా?

చాలా ప్లాన్లు మొదటి ప్రశ్న దగ్గరే తడబడతాయి. మరుగుదొడ్లు హాలు వెనక ఉంటాయి, హాలు దాటితే తప్ప చేరలేరు. లేదా చదువు గదికి దారి హాలు గుండా ఉంటుంది, హాలులో వేడుక జరిగే రోజున చదువు గది మూసేయాల్సి వస్తుంది. దీనికి విరుగుడు భవనాన్ని మూడు పొరలుగా చూడటం. ఎప్పుడూ తెరిచి ఉండేది బయటి పొర: అరుగు, నీడ, కుళాయి, నోటీసు బోర్డు. పగలు తెరిచి ఉండేది రెండో పొర: చదువు గది, కార్యాలయం. అడిగి తీసుకునేది మూడో పొర: హాలు, స్టోర్, వంటగది. మరుగుదొడ్లు రెండో పొరకూ మూడో పొరకూ మధ్య, రెండు వైపుల నుంచీ తలుపుతో ఉండాలి. ఒక వైపు మూసినా రెండో వైపు పనిచేయాలి. హాలు వేడుకల్లో ఆడవాళ్ల వైపు వరుస ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది కాబట్టి, రెండు వైపులా సమాన విస్తీర్ణం ఇచ్చి సరిపెట్టకుండా, ఆడవాళ్లకు మగవాళ్లకన్నా రెట్టింపు టాయిలెట్ సీట్లు వేయాలి.

సిబ్బంది లెక్క కూడా ఇక్కడే వస్తుంది. ఇలాంటి భవనాల్లో చాలావాటికి ఒక్క మనిషికి మించి జీతం ఇవ్వలేరు. ఆ మనిషి కూర్చున్న చోటు నుంచి మూడు కనిపించాలి: ముఖద్వారం, మరుగుదొడ్ల తలుపు, చదువు గది లోపలి భాగం. ప్లాన్ మీద ఆ కుర్చీ దగ్గర పెన్సిల్ పెట్టి చూపు గీతలు లాగితే నిమిషంలో తేలుతుంది. చూపు అందకపోతే, వంపు గోడలు ఎంత బాగున్నా, రెండో మనిషి కావాలి. రెండో మనిషి లేకపోతే ఆ గది మూతపడుతుంది.

చప్పుడు

రెండర్‌లో కనిపించనిదీ, వాడేవాళ్లను మొదటి రోజే బాధపెట్టేదీ ప్రతిధ్వని. సూత్రం తేలిక. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో ఉన్న మొత్తం శోషణతో (ఉపరితలాలు, మనుషులు శబ్దాన్ని పీల్చుకునే కొలతతో) భాగిస్తే శబ్దం ఎన్ని సెకన్లు మోగుతుందో వస్తుంది. మాటకు 0.6 నుంచి 1 సెకను దాకా బాగుంటుంది.

10 × 10 × 4 మీటర్ల హాలు ఘనపరిమాణం 400 ఘ.మీ. నేల 100, కప్పు 100, గోడలు 160, మొత్తం 360 చ.మీ. అన్నీ ప్లాస్టరు, రాయి, గాజు లాంటి గట్టి ఉపరితలాలైతే శోషణ గుణకం సుమారు 0.03, దాన్ని 360తో గుణిస్తే మొత్తం శోషణ 10.8. ప్రతిధ్వని 6 సెకన్లు! ఒక మనిషి సుమారు 0.45 చ.మీ. శోషణ ఇస్తాడు. 110 మంది నిండితే అది ఒక సెకను దగ్గరికి దిగుతుంది. అందుకే నిండు సభలో హాలు బాగుందనిపిస్తుంది. కానీ ఉమ్మడి భవనం ఎక్కువ గంటలు నిండుగా ఉండదు. 20 మంది కూర్చుని మాట్లాడుకునే సాయంత్రం అదే హాలులో శబ్దం 3 సెకన్లకు పైగా మోగుతుంది. చెవి సరిగా వినిపించని పెద్దవాళ్లు మూడో వారం నుంచి రారు, ఎందుకు రాలేదో ఎవరికీ చెప్పరు.

కప్పు అడుగున 100 చ.మీ. మేర 0.6 గుణకం ఉన్న పలకలు బిగిస్తే శోషణ 68 దాకా వస్తుంది, ఖాళీ హాలులో కూడా ప్రతిధ్వని 0.95 సెకన్లకు దిగుతుంది. వుడ్ వూల్ సిమెంట్ పలకలను (సన్నని చెక్క పీచును సిమెంట్‌తో కలిపి చేసినవి) వెనక ఖాళీ వదిలి బిగించినా, చిల్లుల ప్లైవుడ్ వెనక ఖనిజ ఉన్ని పెట్టినా సరిపోతుంది. దీన్ని ‘తర్వాత చూద్దాం’ అని వదిలేస్తే, ఫ్యాన్లు, లైట్లు బిగించాక కప్పు మీద చోటుండదు, డబ్బూ ఉండదు.

మడత తలుపుతో హాలును రెండు గదులుగా విడగొట్టడం మరో ఇష్టమైన పరిష్కారం. ప్లాన్‌లో అది చుక్కల గీత. నిజంలో అది పట్టాకు వేలాడే బరువైన పలకల వరుస. దాన్ని మోసే దూలం కొద్దిగా కుంగినా పలకలు నేలకు రాసుకుంటాయి, రెండేళ్లకు కదలవు. పట్టా పైన ఫాల్స్ సీలింగ్‌కూ స్లాబుకూ మధ్య గోడ కట్టకపోతే చప్పుడంతా పైనుంచి అవతలికి పోతుంది. ఒకేసారి రెండు బృందాలు రావాల్సి ఉంటే, వారం పట్టిక అదే చెబుతుంటే, రెండు గదులు కట్టడమే మేలు.

వెలుతురు, గాలి, వాన

కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తుంటే దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం దాకా పగటి వెలుతురు పనికొచ్చేలా అందుతుంది. పైఅంచు 2.4 మీ. ఎత్తున ఉన్న కిటికీకి 5 నుంచి 6 మీ. అంటే పది మీటర్ల హాలుకు రెండు వైపులా కిటికీలు కావాలి, లేదా పైన వెలుతురు పట్టీ ఉండాలి. ఒక వైపే కిటికీ ఉన్న గదిలో గాలి కప్పు ఎత్తుకు రెండున్నర రెట్ల దూరమే లోపలికి పనిచేస్తుంది, ఎదురెదురు కిటికీలుంటే ఐదు రెట్లు. రెండు వైపులా గదులుండి మధ్యలో నడిచే చీకటి కారిడార్ ఈ రెండు లెక్కల్లోనూ ఓడిపోతుంది.

వాన విషయంలో సీతాకోకచిలుక కప్పు అంటే విద్యార్థులకు మోజు. రెండు వాలులూ మధ్యకు దిగి ఒకే తొట్టిలో కలుస్తాయి. 250 చ.మీ. కప్పు మీద గంటకు 100 మి.మీ. వాన కురిస్తే సెకనుకు 7 లీటర్ల నీరు ఆ ఒక్క తొట్టిలో పడుతుంది. నాలుగు ఆకులు గొట్టం మూతికి అడ్డుపడితే నీళ్లు పొంగి హాలు నడిబొడ్డున దిగుతాయి. ఆ కప్పే కావాలనుకుంటే తొట్టి రెండు చివరలా గొట్టాలు, పొంగితే గోడ బయటికి దూకే తూము, మనిషి నడిచి శుభ్రం చేయగల వెడల్పు, అక్కడికి ఎక్కే నిచ్చెన గీయాలి. ఇవి గీశాక కూడా కప్పు నచ్చితే ఉంచుకోవచ్చు. బయటికి వాలిన కప్పు చూరు మీటరు ముందుకొస్తే గోడ, కిటికీ, అరుగు మూడూ తడవవు. పాతకాలపు జవాబే అయినా ఇంతవరకు దానికి సాటి దొరకలేదు.

అరుగు

జనం లోపలికి రావాలా వద్దా అని తేల్చుకునేది గడప దగ్గర. పరిచయం లేనివాళ్లు నేరుగా గాజు తలుపు తోసుకుని రారు. ముందు బయట కూర్చుంటారు, లోపల ఎవరున్నారో చూస్తారు, తర్వాత లేస్తారు. అందుకే కప్పు నీడన అరుగు ఉండాలి: 40 నుంచి 45 సెం.మీ. ఎత్తు, 45 సెం.మీ. లోతు. రెండు వైపులా కూర్చునేలా ఉంటే 90. 1970లలో న్యూయార్క్ బహిరంగ స్థలాలను కెమెరాలతో పరిశీలించిన విలియం వైట్ తేల్చింది చాలా సాదా విషయం: కూర్చునే చోటు ఎక్కడుంటే జనం అక్కడే కూర్చుంటారు. దారికి దూరంగా, ఎవరూ కనిపించని చోట వేసిన రాతి బెంచీలు ఖాళీగానే ఉంటాయి.

ర్యాంపు అరుగుతో కలిసే పుట్టాలి. 1:12 వాలులో (12 మీటర్ల పొడవుకు మీటరు ఎత్తు) 45 సెం.మీ. ప్లింత్‌కు, అంటే నేల నుంచి భవనం అడుగు ఎత్తుకు, 5.4 మీ., 60 సెం.మీ.కు 7.2 మీ. పొడవు. పైనా కిందా 1.5 మీ. సమతలం కలిస్తే రెండో దానికి 10 మీటర్లు దాటుతుంది. చివర్లో గుర్తొచ్చినప్పుడు మూడు మీటర్ల ర్యాంపు ఇరికించడం, లేదా వెనక వైపు వంటగది పక్కన పెట్టడం మామూలైపోయింది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లను చెత్తబుట్టల పక్కనుంచి తీసుకెళ్లే భవనాన్ని ఉమ్మడి భవనం అనకూడదు. సైట్ చదునుగా ఉంటే ప్లింత్ ఎత్తు 15 సెం.మీ.కు తగ్గించి, ముఖద్వారం ముందు నేలనే మెల్లగా వాలుగా లేపితే మెట్లూ ర్యాంపూ రెండూ అక్కర్లేదు. నీటి పారుదల అటు నుంచి దూరంగా మళ్లించాలి, అంతే.

కట్టే పద్ధతి కూడా డిజైన్‌లో భాగమే

విద్యార్థి దశలో మొదలై ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రెండు ఉమ్మడి భవనాలను దగ్గర నుంచి చూడటం మంచిది. డియెబెడో ఫ్రాన్సిస్ కెరే బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే బుర్కినా ఫాసోలోని తన సొంతూరు గాండోకు బడి గీశాడు. 1998లో డబ్బు కూడగట్టడానికి ఒక సంఘం పెట్టాడు, 2001లో బడి పూర్తయింది. గోడలు కొద్దిగా సిమెంట్ కలిపి అచ్చు పోసిన మట్టి ఇటుకలవి. మూడు తరగతి గదులు, వాటి మధ్య నీడ ఉన్న ఖాళీలు. అసలు తెలివి కప్పులో ఉంది. ఇటుకల సీలింగ్ మీద ఖాళీ వదిలి, ఉక్కు ట్రస్సుల (కడ్డీలతో అల్లిన చట్రాల) మీద రేకుల కప్పును ఎత్తిపెట్టాడు. గదిలోని వేడిగాలి సీలింగ్ సందుల గుండా పైకి పోతుంది, రేకుల వేడి గదిలోకి దిగదు. ఆ ట్రస్సులు మామూలు కాంక్రీట్ ఇనుప కడ్డీలతో చేసినవి. చేతిరంపం, చిన్న వెల్డింగ్ మిషన్ చాలు. క్రేన్ రాలేని ఊళ్లో మనుషులు ఎత్తగలిగే బరువులతోనే కప్పు అంతా డిజైన్ అయింది.

రెండోది బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో ఉన్న ‘మేటి’ (METI) అన్న పేరుగల బడి. ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆనా హెరింగర్ 2004లో చేసిన డిప్లొమా ప్రాజెక్టు అది. 2005లో ఐకె రోస్‌వాగ్‌తో కలిసి కట్టింది, 2007లో ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగా ఖాన్ పురస్కారం వచ్చింది. అక్కడి పాత మట్టి ఇళ్లకు పునాది, తేమ అడ్డు లేకపోవడం వల్ల గోడలు అడుగు నుంచి కరిగిపోయేవి. మట్టిని వదిలేయకుండా ఆమె ఆ జబ్బునే సరిచేసింది. అర మీటరు లోతున ఇటుక పునాది, దాని మీద తేమ పైకి ఎక్కకుండా రెండు పొరల ప్లాస్టిక్ షీటు, ఆపైన గడ్డి కలిపిన మట్టి. గోడను సుమారు 65 సెం.మీ. వరుసలుగా లేపారు. ఒక వరుస వేసి, కొన్నాళ్లు ఆరనిచ్చి, పదునైన పారతో పక్కలు చెక్కి, పూర్తిగా ఆరాకే తర్వాతి వరుస. మేడ మొత్తం వెదురు, కాబట్టి మట్టి గోడ మీద బరువు తక్కువ.

ఈ రెండింటికీ ఒక సామ్యం ఉంది. కెరేది సొంతూరు. హెరింగర్ 1997లోనే ఏడాది పాటు బంగ్లాదేశ్‌లో వాలంటీరుగా ఉంది. మూడు రోజుల సైట్ విజిట్‌తో అలాంటి నిర్ణయాలు రావు. అంత సమయం లేని విద్యార్థి కనీసం పక్కనున్న పాత భవనాలు ఎక్కడ పాడయ్యాయో చూసి రాసుకోవాలి: గోడ అడుగున ఉప్పు పొంగు, చూరు దగ్గర మరక, తలుపు చట్రం కింద పుచ్చు. కొత్త భవనానికి వచ్చే రోగాలూ అవే.

విద్యార్థులే గీసి, విద్యార్థులే కట్టే పద్ధతికి అమెరికాలో పాత చరిత్ర ఉంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్ట్ చార్ల్స్ మూర్ హయాంలో 1967లో మొదటి ఏడాది విద్యార్థులు కెంటకీలోని న్యూ జయన్ అనే చోట కమ్యూనిటీ సెంటర్ కట్టారు. 1993లో ఆబర్న్ విశ్వవిద్యాలయం తరఫున శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అలబామాలోని హేల్ కౌంటీలో రూరల్ స్టూడియో మొదలుపెట్టారు. రూరల్ స్టూడియో బలం అది అక్కడే పాతుకుపోవడంలో ఉంది. విద్యార్థులు ఏటా మారతారు, స్టూడియో మారదు. పాత భవనం కారితే చూడటానికి ఎవరో ఒకరుంటారు. ఒక్క సెమిస్టర్‌కు వచ్చి కట్టి వెళ్లిపోయే ప్రాజెక్టుల్లో తేడా కొట్టేది ఇక్కడే. కాలేజీ క్యాలెండర్‌కూ వానాకాలానికీ పొంతన కుదరదు, మట్టి ఆరకముందే కప్పు వేసేస్తారు, ప్రత్యేకంగా వెల్డ్ చేయించిన కీలు విరిగితే అలాంటిది మళ్లీ దొరకదు. దీనికి నియమం ఒకటే: చుట్టుపక్కల మేస్త్రీ, వడ్రంగి ఎవరూ బాగుచేయలేని ముక్క ఒక్కటి కూడా డ్రాయింగ్‌లో ఉండకూడదు. ఆరు మీటర్ల ఎత్తున వేలాడే లైటు కూడా ఈ నియమం కిందికే వస్తుంది. అది మాడిపోయాక నిచ్చెన అందక అలాగే ఉండిపోతుంది. లైట్లు మూడు మీటర్ల ఎత్తులో గోడకు పెడితే అక్కడి మనిషే మార్చుకుంటాడు.

షీట్ల మీద ఏముండాలి

1:100 ప్లాన్లు, సెక్షన్లు (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలు) ఎవరైనా పెడతారు. వాటితో పాటు వారం పట్టిక, తాళాల ప్లాన్, ఒకే హాలు నాలుగు అమరికల్లో కుర్చీలతో సహా, పునాది నుంచి చూరు దాకా 1:20 గోడ సెక్షన్ ఉండాలి. ఈ గోడ సెక్షన్‌లో తేమ అడ్డు ఎక్కడుందో, వాననీరు ఎటు పోతుందో, కిటికీ గట్టు బయటికి ఎంత వాలిందో కనబడాలి. రెండర్లు రెండు తగ్గించి అయినా దీనికి చోటివ్వాలి.

చివరిగా దశల ప్లాన్. ఇలాంటి భవనాలకు డబ్బు ఒకేసారి రాదు. సగమే వస్తే ఏది కట్టాలి? హాలు ముందు కట్టి మిగతావి ఆపితే నీళ్లు, మరుగుదొడ్లు లేని పెద్ద గది మిగులుతుంది. మొదటి దశలోనే మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకు, స్టోర్, ఒక 40 చ.మీ. గది, వరండా పూర్తి కావాలి. ఆ రోజు నుంచే అది పనిచేసే భవనం అవుతుంది. హాలు రెండో దశ. దాన్ని మొదటి భాగానికి అతికించకుండా, కప్పుల మధ్య కదలిక జాయింటు (రెండూ విడివిడిగా కదలగలిగే సందు) వదిలి, సొంత స్తంభాల మీద నిలబెట్టాలి. తర్వాత కడతామని స్లాబు మీద కడ్డీలు నిలబెట్టి వదిలేస్తే అవి తుప్పు పట్టి, ఆ తుప్పు కాంక్రీట్ లోపలికి దిగి, పగుళ్లు తెస్తుంది. పొడిగింపు పైకి కాకుండా పక్కకు ఉండేలా సైట్ ప్లాన్‌లో మొదటి రోజే హాలుకు 12 మీటర్ల వెడల్పు ఖాళీ చోటు గీసి, చెట్లు, సెప్టిక్ ట్యాంకు, పైపులు దాని మీదికి రాకుండా చూసుకోవాలి.